సొవెటో కంటే డర్బన్‌ను చూసి భయపడాలి

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. 1996లో రాసుకున్న ఆ రాజ్యాంగం పదకొండు భాషలను అధికార భాషలుగా ప్రకటించింది. వాటితో ఆగకుండా, అక్కడి సమాజాలు వాడే మరికొన్ని భాషలను గౌరవించి పెంపొందించాలంటూ ఒక జాబితా కూడా ఇచ్చింది. జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ అందులో ఉన్నాయి. తెలుగు, ఉర్దూ పక్కపక్కనే. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా బస్సులో పోయే మనిషికి ఈ రెండూ పక్కపక్కన కనబడడం కొత్తేమీ కాదు, దుకాణాల బోర్డుల మీద రోజూ చూసేదే. కానీ డర్బన్‌లో తాతముత్తాతలు తెలుగువాళ్లయిన ఇళ్లలో ఇవాళ తల్లి బిడ్డను అన్నానికి పిలిచేది ఇంగ్లిషులో. పెళ్లి పందిట్లో, భజనలో, పెద్దల తద్దినంలో కొన్ని తెలుగు మాటలు, కొన్ని పాటలు మిగిలాయి. ఇంటి భాషగా తెలుగు అక్కడ దాదాపు ముగిసిపోయింది. దాన్ని ఎవరూ నిషేధించలేదు, దాని కోసం ఎవరూ తుపాకీ దెబ్బ తినలేదు. రాజ్యాంగంలో పేరెక్కే నాటికే ఇళ్లలో మాట ఆగిపోయింది.

ఇందూరు (నిజామాబాద్), బోధన్ ప్రాంతాల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఇప్పుడు అదే బాటలో నడుస్తున్నాయని చెప్పడానికే ఈ సంపాదకీయం. పేర్లు చట్టాల్లో భద్రంగా ఉన్నాయి. పిల్లల నోళ్లలో, ముఖ్యంగా చదువులో రాతలో, వేగంగా తగ్గిపోతున్నాయి.

డర్బన్ ఊసు ఈ జిల్లాకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. రెండు చోట్లనూ కలిపేది చెరకు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలను తీసుకుపోయి డర్బన్ రేవులో దించింది. 1911 వరకు సాగిన ఆ వలసలో లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు నాటల్ చెరకు తోటలకు చేరారు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లలో తమిళుల పక్కన గంజాం, విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువాళ్లు ఉన్నారు. తోటలో దొరది ఇంగ్లిషు, చుట్టుపక్కల జనానిది జులూ, పక్క వరుసలో కొడవలి పట్టినవాడిది తమిళమో భోజ్‌పురో. పని నడవడానికి ఫనగలో అనే కలగూర మాట ఒకటి వాడుకలోకి వచ్చింది, అందులో ఎక్కువ మాటలు జులూవే. ఇక్కడ జోగిపేటలో 1930లో తొలి ఆంధ్ర మహాసభ జరిగితే, ఆ మరుసటి ఏడాదే డర్బన్ తెలుగువాళ్లు తమ ఆంధ్ర మహాసభను పెట్టుకున్నారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఉగాది జరుపుతుంది, తెలుగు నేర్పడానికి పాట్లు పడుతుంది. అంత కట్టుబాటున్న సమాజం కూడా భాషను ఇంట్లో నిలుపుకోలేకపోయిందంటే కారణం పట్టుదల లేక కాదు. బడి, కొలువు, పక్కింటి పిల్లలు మూడూ ఇంగ్లిషులోకి మారాక ఇల్లొక్కటే ఎంతకాలం ఎదురీదుతుంది?

ఆ దేశంలో ఆఫ్రికాన్స్, జులూ అనే రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికొచ్చే సంగతులు చాలా తేలతాయి. పుట్టుకలో ఈ రెంటికీ సంబంధమే లేదు. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ గుడ్‌హోప్ అగ్రం దగ్గర దిగినప్పుడు వెంట వచ్చిన డచ్చి భాష అక్కడి ఖోయి జనం నోట, మలయా దీవుల నుంచీ మన బెంగాల్, కోరమాండల్ తీరాల నుంచీ పట్టుకుపోయిన బానిసల నోట నలిగి నలిగి ఆఫ్రికాన్స్ అయింది. డచ్చిలోని లింగభేదాలు పోయాయి. క్రియకు ఎవరు చేసినా ఒకే రూపం మిగిలింది. కాదని చెప్పేటప్పుడు వాక్యం చివర మళ్లీ ఒకసారి కాదనే అలవాటు చేరింది. దొరసానులు దాన్ని వంటింటి డచ్చి అని ఈసడించుకున్నారు. ఆ భాషను తొలినాళ్లలో రాతలో పెట్టినవాళ్లలో కేప్‌టౌన్ ముస్లింలు ఉన్నారు, అదీ అరబ్బీ లిపిలో. ఈనాటికీ ఆఫ్రికాన్స్ ఇంటి భాషగా ఉన్నవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు. మన దక్కనీ ఉర్దూను లక్నో, ఢిల్లీ పండితులు చూసిన చూపూ, మన తెలంగాణ తెలుగును ఒకప్పుడు సినిమాలూ పాఠ్యపుస్తకాలూ చూసిన చూపూ తెలిసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

జులూ పూర్తిగా వేరే తీరు. అది బంటూ కుటుంబపు భాష. నామవాచకాలన్నీ పదిహేను దాకా తరగతులుగా ఉంటాయి. తరగతిని బట్టి క్రియా, విశేషణమూ కూడా మారతాయి. మాటకు ముందూ వెనకా ముక్కలు చేర్చుకుంటూ పోయి ఒక్క పదంతో వాక్యమంత అర్థం చెప్పగలదు. ఈ చేర్పుల పద్ధతి తెలుగువాడికి ఆఫ్రికాన్స్ కంటే దగ్గరగా తోస్తుంది. నాలుకతో టక్కుమనిపించే శబ్దాలను అది పొరుగు ఖోయిసాన్ జనం దగ్గర తెచ్చుకుంది. ఏ కొలతతో చూసినా తీసిపోయిన భాష కాదు.

జనం లెక్కలో జులూదే పైచేయి. 2022 జనగణనలో నూటికి 24 మందికి పైగా ఇంట్లో మాట్లాడేది జులూ, 10.6 మంది మాట్లాడేది ఆఫ్రికాన్స్. మరి దేశపు విశ్వవిద్యాలయాల్లో విజ్ఞాన శాస్త్రం దశాబ్దాల పాటు ఈ రెంటిలో ఏ భాషలో చెప్పారు? ఆఫ్రికాన్స్‌లో. 1925లో దానికి అధికార హోదా వచ్చింది. 1926లో మొదలైన మహానిఘంటువు పని తరాల తరబడి సాగింది. పత్రికలు, ప్రచురణ సంస్థలు, రేడియో, ప్రభుత్వ కొలువులు వెంట నడిచాయి. జులూకూ చరిత్ర ఉంది. జాన్ డ్యూబే 1903లో పెట్టిన ఇలాంగా పత్రిక ఇంకా వస్తోంది, డోక్, విలకాజీల నిఘంటువు 1948లోనే వచ్చింది. కానీ దాని వెనక ప్రభుత్వ డబ్బు లేదు. జనసంఖ్యను చూసి ధీమాగా ఉండేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. అంతకు పదేళ్ల ముందు దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు, ఆ లెక్కలో మరాఠీకి చోటిచ్చి నాలుగో స్థానానికి దిగింది.

ఇక అందరికీ తెలిసిన సొవెటో. 1975లో కేప్‌టౌన్ దగ్గరి పార్ల్ కొండ మీద ఆఫ్రికాన్స్ భాషకు ఆకాశాన్నంటే స్మారకం కట్టారు. భాషకు అంతటి స్మారకం కట్టుకున్న జాతులు ప్రపంచంలో అరుదు. దానికి ముందు 1974లోనే నల్లజాతి పిల్లల బడుల్లో సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. లెక్కలు, సాంఘిక శాస్త్రం ఆ భాషలో. పిల్లలకు రాదు, పంతుళ్లకూ అంతంతమాత్రం. 1976 జూన్ 16న సొవెటో పిల్లలు బడులు వదిలి వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ శవాన్ని మోసుకుపోతున్న కుర్రాడి ఫొటో ప్రపంచమంతా చూసింది. స్మారకం తెరిచి ఏడాది కాకముందే ఆ భాష కోట్లమందికి దొరతనపు భాషగా మిగిలిపోయింది. బానిసలు వండిన భాష ఏలేవాడి బెత్తంగా మారిన ఆ మచ్చ ఇంకా పోలేదు. ప్రిటోరియా విశ్వవిద్యాలయం 2019 నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఆఫ్రికాన్స్ బోధన ఆపేసింది. ఫ్రీస్టేట్ విశ్వవిద్యాలయం ఆ పని చేస్తే రాజ్యాంగ న్యాయస్థానం 2017లో సరేనంది.

ఈ పాఠం హైదరాబాద్ రాజ్యానికి అంతకు ముందే తెలుసు. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, నూటికి పాతికమందికి మరాఠీ, పది పన్నెండు మందికి కన్నడం, అంతే మందికి ఉర్దూ. రాజ్యపు కాగితం మాత్రం ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా ఉన్నత చదువును దేశభాషలో చెప్పిన గొప్ప ప్రయోగమే. వైద్యం, ఇంజినీరింగ్ పుస్తకాలను అనువాద శాఖ ఉర్దూలోకి తెచ్చిన శ్రమను ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ దేశభాష చాలామంది దేశవాసుల భాష కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే తోటి సభికులే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. గేలి చేసినవాళ్లు ఉర్దూవాళ్లు కారు, మరాఠీ, కన్నడ మాట్లాడే సంస్కర్తలు. భాషా గర్వానికి మతం అడ్డురాదని మన పెద్దలు ఆ రోజే చూశారు.

ఆ సంఘం పెరిగి మహాసభ అయ్యాక ఆరో సభ 1937లో జరిగింది నిజామాబాద్‌లో. అధ్యక్షుడు మందుముల నరసింగరావు. ఆయన వృత్తి ఏమిటో ఈ తరానికి చెప్పాలి. రయ్యత్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు. తెలుగు కోసం పెట్టుకున్న సభకు ఉర్దూ పాత్రికేయుడు అధ్యక్షుడైతే ఆనాటి ఇందూరు జనానికి అందులో వింత కనబడలేదు. ఆ తర్వాత పదేళ్లకు దాశరథి కృష్ణమాచార్యులను నిజాం సర్కారు ఇదే ఊరి కోట జైల్లో పెట్టింది. వట్టికోట ఆళ్వారుస్వామి తోడుగా ఉన్నారు. జైలు గోడ మీద బొగ్గుతో తెలుగు పద్యాలు రాసిన ఆ దాశరథే తరువాతి కాలంలో గాలిబ్ గజళ్లను తెలుగు చేశాడు. నిజాం మీద కోపాన్ని నిజాం కాగితం మీది భాష మీదికి పోనీయలేదు. సొవెటోలో జరగనిది ఇక్కడ జరిగిందంటే ఆ గొప్పతనంలో కొంత ఇలాంటి మనుషులది, కొంత బజారుది.

బజారు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో భాషలు బడిలో కంటే పనిలోనే ఎక్కువ కలిశాయి. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. కాలువ వెంట కృష్ణా, గుంటూరు రైతులు వచ్చి పొలాలు కొన్నారు, వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులే అంటాం. తండాల్లో లంబాడీ మాట. మంజీర దాటితే నాందేడ్ జిల్లా, మరాఠీ. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న మద్నూరు, జుక్కల్ వైపు పోతే కన్నడం కూడా కలుస్తుంది. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు నడవాలంటే వీళ్లందరూ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా చెప్పుకోక తప్పదు. కటింగ్ ఆర్డర్ కోసం వచ్చిన రైతు తెలుగులో మొదలుపెట్టి, ఆఫీసు గుమాస్తా దగ్గర దక్కనీలోకి దిగి, బండి దగ్గర కోత కూలీలతో మరాఠీలో బేరం తెంపుకునేవాడు. ఎవరూ ఆయన్ను త్రిభాషా కోవిదుడు అనలేదు.

నిజామాబాద్ గంజ్‌లో పసుపు సీజన్‌లో ఇప్పటికీ ఇది కొంత కనబడుతుంది. ఆర్మూరు, బాల్కొండ వైపు రైతు కొమ్ములు కుప్ప పోసుకుని కూర్చుంటాడు. సాంగ్లీ బేరం ఎరిగిన వ్యాపారి కొమ్ము విరిచి రంగు చూసి హిందీ, మరాఠీ కలిపి ధర పలుకుతాడు. హమాలీ దక్కనీలో అరుస్తాడు. దడ్వాయి కాంటా పెట్టి తూకం పిలుస్తాడు. అడ్తి దుకాణంలో రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ చీటీ మీద అంకెలు పోను మిగతాది ఏ భాషో చెప్పడం కష్టం. అందరికీ అర్థమవుతుంది, అది చాలు. పక్కన నిలబడి చూస్తే మూడు నాలుగు భాషలు ఒక్క బస్తా చుట్టూ పావుగంటలో తిరిగిపోతాయి. ఈ సంత మాట గొప్ప సంపదే. కానీ దీని మీద భరోసా పెట్టుకుని నిద్రపోకూడదు. నాటల్ తోటల్లో ఫనగలో కూడా ఇలాగే బతికింది, కూలీల మధ్య బేరాలు తెంపింది. అది ఏ పిల్లకూ చదువు కాలేదు, ఏ పుస్తకమూ కాలేదు. తోటల్లో పని మారగానే ఇంగ్లిషు ముందు నిలవలేదు.

మన దగ్గర ఆ మాటలను కలిపిన ఫ్యాక్టరీయే ఆగిపోయింది. 2002లో సర్కారు అందులో 51 శాతం వాటాను ప్రైవేటుకు అమ్మింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. అప్పటి నుంచి గానుగ తిరగలేదు. 2024లో పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్‌బాబు నాయకత్వంలో కమిటీ వేశారు. రైతులు చెరకు వదిలి వరికి, సోయాకు మళ్లారు. కార్మికుల జీతాల బాధ, రైతుల బకాయిల బాధ ఈ పేజీలోనే చాలాసార్లు రాశాం. భాషల కోణంలో ఎవరూ రాయలేదు. మూడు మతాల, అయిదు భాషల మనుషులు ఒకే సైరన్‌కు లేచి ఒకే గేటు గుండా పోయే చోటు మూతపడితే, ఆ మనుషుల పిల్లలు ఒకరి మాట ఒకరు నేర్చుకునే అవసరమే లేకుండా పెరుగుతారు. ఇప్పుడు పెరుగుతున్నారు కూడా. బోధన్‌లో ఒకే గల్లీ పిల్లలు పొద్దున వేర్వేరు రంగుల బస్సులెక్కి వేర్వేరు ఇంగ్లిషు మీడియం బడులకు పోతారు. సాయంత్రం కలిసి ఆడుకునేది ఫోన్ మీద.

ఇలా విడిపోవడం నుంచి వచ్చే ప్రమాదం రెండు తీర్లుగా ఉంది. ఒకటి సద్దు లేనిది, ఇంకొకటి సద్దు చేసేది.

సద్దు లేనిది చదువులో ఉంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నింట్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిషు మీడియం పెట్టారు, తరువాతి రెండేళ్లలో పదో తరగతి దాకా పోయింది. ఇది సొవెటో ఉత్తర్వు లాంటిది కాదు. తల్లిదండ్రులు అడిగారు, సర్కారు ఇచ్చింది. వాళ్లను తప్పుపట్టే అర్హత ఈ సంపాదకుడితో సహా మాతృభాష మీద వ్యాసాలు రాసేవాళ్లలో చాలామందికి లేదు. మా పిల్లలు ఎక్కడ చదివారో అందరికీ తెలుసు. కంచ ఐలయ్య లాంటి వాళ్లు దళిత, బహుజన పిల్లలకు ఇంగ్లిషు హక్కు అని వాదిస్తే దానికి జవాబు తెలుగు తల్లి పాటలో దొరకదు. దక్షిణాఫ్రికాలోనూ ఇదే చిక్కు. 1953 బంటూ విద్యా చట్టం నల్లపిల్లలకు ఎనిమిదేళ్ల పాటు సొంత భాషలోనే చెప్పమంది. అది ప్రేమతో పెట్టింది కాదు, వాళ్లను కూలి పనికి మించి ఎదగనీయకుండా ఉంచడానికి పెట్టింది. అందుకే వర్ణవివక్ష పాలన పోయాక జులూ తల్లి కూడా మొదట అడిగింది ఇంగ్లిషే. ఆమె అనుమానం న్యాయమైనది.

ఫలితం మాత్రం చూడాలి. అక్కడ మూడో తరగతి దాకా సొంత భాషలో చెప్పి, నాలుగో తరగతి నుంచి ఒక్కసారిగా ఇంగ్లిషులోకి తోశారు. 2021 అంతర్జాతీయ పఠన పరీక్షలో ఆ దేశపు నాలుగో తరగతి పిల్లల్లో నూటికి 81 మంది ఏ భాషలోనూ చదివినదాన్ని అర్థం చేసుకోలేకపోయారు. పుస్తకాలూ శిక్షణ పొందిన పంతుళ్లూ ఉన్న ఆఫ్రికాన్స్, ఇంగ్లిషు బడుల పిల్లలు మెరుగ్గా చేశారు. జులూ, ఖోసా, ట్స్వానా పిల్లలు వెనకబడ్డారు. సొంత భాషలో చెబితే చాలు, చదువు దానంతటదే వస్తుందనేవాళ్లకు ఇది దెబ్బ. పుస్తకాల్లేకుండా, తర్ఫీదున్న పంతులు లేకుండా ఏ భాషలో చెప్పినా రాదు. ఇంగ్లిషు పెడితే చాలు భవిష్యత్తు వస్తుందనేవాళ్లకు ఇంకా పెద్ద దెబ్బ. తప్పు తెలుసుకుని ఆ దేశం 2025లో నాలుగో తరగతి నుంచి సొంత భాష, ఇంగ్లిషు రెండూ కలిపి నేర్పే పద్ధతి మొదలుపెట్టింది. క్వాజులూ-నాటల్ విశ్వవిద్యాలయం 2014 నుంచి జులూ రాని ప్రతి కొత్త విద్యార్థీ దాన్ని ఒక కోర్సుగా చదవాలని పెట్టింది. ముప్పై ఏళ్లు పోగొట్టుకుని వాళ్లు నేర్చుకున్నదాన్ని మనం ఊరికే నేర్చుకోవచ్చు.

మన దగ్గర అందుకు పనికొచ్చే వస్తువు ఒకటి సర్కారు చేతిలోనే ఉంది. ఇంగ్లిషు మీడియం పెట్టిన ఏడాదే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. మంచి ఆలోచన. కానీ పుస్తకం రెండు భాషల్లో ఉంటే పరీక్ష ఒక్క భాషలో ఉంది, కాబట్టి పంతులు ఒక పేజీయే తిప్పుతాడు. తండాలో పెరిగిన పాపకు ఆ రెండు పేజీల్లో ఒక్కటీ ఇంటి భాష కాదు. 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది, సీబీఎస్‌ఈ బడులతో సహా. ఏడేళ్లు గడిచాక 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు, ఆ బడుల పిల్లలకు కష్టంగా ఉందని తొమ్మిది, పది తరగతులకు వెన్నెల అనే తేలిక పుస్తకం పెట్టమంది. హైదరాబాదులో ఉత్తరాది నుంచి వచ్చి చేరిన పిల్లలకు అది సబబే కావచ్చు. నిజామాబాద్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల కూడా అదే పుస్తకం పట్టుకుంటే పదో తరగతి దాటాక ఆమె తన ఊరి పత్రిక కూడా చదవలేదు.

ఉర్దూ పరిస్థితి ఇంకా ఘోరం. 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. ఉర్దూ మీడియం పంతుళ్ల ఉద్యోగాల్లో కొన్ని రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం అభ్యర్థులు దొరక్క నోటిఫికేషన్ తర్వాత నోటిఫికేషన్ ఖాళీగా మిగులుతున్నాయి. పంతులు లేని బడిలో పేరుకు ఉర్దూ మీడియం నడుస్తుంది. మరాఠీ మాట ఎత్తేవాళ్లే లేరు. సరిహద్దు మండలాల్లో మరాఠీ మీడియం బడులకు పుస్తకాలు పొరుగు రాష్ట్రానివి, పరీక్ష ఈ రాష్ట్రానిది అన్న తంటా కొత్తది కాదు. లంబాడీకి లిపి తగువే తేలలేదు, బడి దాకా ఎక్కడొస్తుంది? ఇలా ఒక్కొక్కటీ ఇంటికి, ఆపై ముసలివాళ్లకు పరిమితమవుతుంది. ఎవరికీ చప్పుడు వినబడదు. డర్బన్‌లో జరిగింది సరిగ్గా ఇదే, మూడు తరాల్లో.

సద్దు చేసే ప్రమాదం వేరు. భాష ఇంట్లో, పనిలో బలహీనపడినకొద్దీ జెండా మీద బలపడుతుంది. ఉర్దూ రాయలేని కుర్రాడికి ఉర్దూ తన మతం గుర్తు అవుతుంది. మరాఠీ పుస్తకం ఎన్నడూ తెరవనివాడికి మరాఠీ ఒక ఊరేగింపు నినాదం అవుతుంది. తెలుగులో నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాయలేనివాడు ఊరి పేరు మార్చే పోరాటంలో ముందుంటాడు. 2022 మార్చిలో బోధన్‌లో శివాజీ విగ్రహం చుట్టూ రెండు వర్గాలు రాళ్లు రువ్వుకున్నాయి, 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఆ గొడవ భాష కోసం జరిగింది కాదు. అయితే మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే మనుషులు దశాబ్దాల పాటు ఒకే ఫ్యాక్టరీలో బతికిన ఊళ్లో, ఆ మూడింటి మధ్య మాట్లాడగల పెద్దమనుషులు ఆ రోజు వీధిలోకి రావడానికి ఎందుకంత ఆలస్యమైందో ఆలోచించాలి. వాళ్లలో చాలామంది రిటైరయ్యారు, వాళ్ల స్థానంలో అలాంటి నోరున్నవాళ్లు తయారు కాలేదు. ఎన్నికల లెక్కలు తెలిసిన పార్టీలన్నిటికీ ఈ ఖాళీ లాభసాటి. అందులో ఏ ఒక్కదాన్నీ మేము మినహాయించడం లేదు.

భాషను బెత్తంగా పట్టినప్పుడు ఆఫ్రికాన్స్‌కు ఏమైందో, దిక్కులేకుండా వదిలినప్పుడు జులూకు ఏమైందో, ఇంట్లోనే దాచుకోవాలనుకున్నప్పుడు డర్బన్ తెలుగుకు ఏమైందో ఈ జిల్లా కళ్ల ముందు ఉంది. సొవెటో లాంటిది మన దగ్గర జరగదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఎవరి మీదా భాషను రుద్దడం లేదు. ఆ ధీమాయే ఎక్కువ ప్రమాదం. తిరగబడడానికి శత్రువు కనబడని చోట తిరగబడేవాడే ఉండడు.

అందుచేత జిల్లా కలెక్టరుకు, విద్యాశాఖకు, తెలంగాణ విశ్వవిద్యాలయానికి మా విన్నపం పెద్దదేమీ కాదు. ఇంగ్లిషును వెనక్కి తీసుకోమని మేము అడగడం లేదు. మూడో తరగతి వచ్చేలోపు పిల్ల ఇంటి భాషలో ధారాళంగా చదవాలి, దాని మీద ఇంగ్లిషు నిలబెట్టాలి. ద్విభాషా పుస్తకం ఉన్న చోట ద్విభాషా ప్రశ్నపత్రమూ ఉండాలి. ఖాళీగా ఉన్న ఉర్దూ పోస్టుల రోస్టర్ చిక్కును శాసనసభలో తేల్చాలి. నిజామాబాద్, బోధన్ బడుల్లో తెలుగు పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు ఉర్దూ, ఉర్దూ పిల్లలకు రెండు పీరియడ్లు తెలుగు, సరిహద్దు మండలాల్లో మరాఠీ నేర్పితే ఖర్చు ఎంతవుతుందో విశ్వవిద్యాలయం లెక్క కట్టి చెప్పాలి. డిచ్‌పల్లిలోని ఆ విశ్వవిద్యాలయంలో అంత మంది పరిశోధకులుండగా ఈ జిల్లాలో ఏ ఊళ్లో ఏ భాష ఎవరు మాట్లాడుతున్నారో తెలిపే సర్వే ఒకటి చేయించడం కష్టం కాదు. ఫ్యాక్టరీ పునరుద్ధరణ మాట నిజమైతే, శక్కర్‌నగర్ కాలనీ బడిని మొదటి త్రిభాషా బడిగా తెరవాలి.

వీటన్నిటికీ సమయం పడుతుందంటే ఒప్పుకుంటాం. ఒక్క పనికి మాత్రం సమయం అక్కర్లేదు. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోపు ప్రతి మండలంలో మూడో తరగతి పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో ఒక పేజీ ఇచ్చి చదివించి, ఎంతమంది చదివారో, అర్థం చెప్పగలిగారో బడుల వారీగా పేపర్లో వేయించండి. ఆ అంకెలు ఏవైనా, దాచకుండా అచ్చువేయడానికి ఈ పత్రిక చోటిస్తుంది.